జెర్రిపోతుల జంటా, నా చిలకపచ్చ గుడ్డా

“కొత్త గుడ్డ తెండర్రా! నీళ్ళు తగలనిది, సూది తగలనిది! మళ్ళీ ఏడాది దాకా కంటబడవు ఇలాగ!” అని మా పెద్దమ్మ.

“గుడ్డా లేదు, గిడ్డా లేదు. వాటి మానాన అవి కాపరం చేసుకుంటుంటే నువ్వెళ్ళి నెత్తిన ముసుగేస్తావటే? నీకెవరైనా అలా చేస్తే ఊరుకుంటావా?” అని మా నాయనమ్మ.

“బాపట్లలో మా పిన్ని అలాగే పంచె కప్పి పెట్టెలో దాచిందండి అత్తయ్యా. ఏడాది తిరక్కుండా పెంకుటిల్లు డాబా అయింది.”

“డాబా పాములు కట్టాయటే? మీ బాబాయి రొయ్యల చెరువు తవ్వి కట్టాడు గానీ.”

“అయినా అవి రెండూ జెర్రిపోతులు కావండి. జెర్రిపోతుల్లో ఆడది ఉండదు. అందులో ఒకటి నాగుపామే.”

“మరి ఏటా మన గడ్డివామి కింద గుడ్లు ఎవరు పెడుతున్నారే, మీ నాన్నా?”

ఈ పోట్లాటంతా గుసగుసల్లోనే జరిగింది. వంటింటి కిటికీ అవతల, గడ్డివామికీ ధాన్యపు కొట్టుకీ మధ్య, మా జెర్రిపోతులు రెండూ తాడు పేనినట్టు పెనవేసుకుని, సగం ఒళ్ళు పైకి లేపి, పడుతూ లేస్తూ ఆడుకుంటున్నాయి. మగవాళ్ళంతా పొలం పోయారు. అమ్మా నేనూ కిటికీ చువ్వలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

రేపల్లె దగ్గర చెరుకుపల్లిలో మా ఇల్లు. “మా జెర్రిపోతులు” అన్నది మాటవరసకి కాదు. పిల్లిని పెంచితే పాలు పొయ్యాలి, కుక్కని పెంచితే ముద్ద వెయ్యాలి, వీటికి పైసా ఖర్చు లేదు, పైగా విత్తనపు వడ్ల మీద ఎలక పడకుండా కాపలా కాస్తాయి అని నాయనమ్మ లెక్క. ఆవిడ పొదుపే నాకూ వచ్చిందని మా పిల్లలు ఎత్తిపొడుస్తారు గానీ, అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్ద పాముకి పెద్దోడనీ, రెండోదానికి సన్నదనీ పేర్లు. కొట్టు గుమ్మంలో పెద్దోడు అడ్డంగా పడుకుంటే, “లేవరా అబ్బాయ్, బియ్యం తీసుకోవాలి” అని నాయనమ్మ చేటతో నేలమీద మెల్లగా తట్టేది. విషం లేని జాతి కాబట్టి మాకు భయం లేదు. అవి కూడా మమ్మల్ని చూసి పెద్దగా కంగారు పడేవి కావు.

ఏటా ఎండలు ముదిరి, ఇల్లంతా ఆవపిండీ కొత్త కారం ఘాటుతో, మామిడికాయ సొన వాసనతో నిండిపోయే ఆవకాయ రోజుల్లోనే అవి జంట కట్టేవి. ఇక చూడాలి నాయనమ్మ పెత్తనం! నేల అదిరితే అవి బెదిరి విడిపోతాయని, విడిపోతే ఇక మన దొడ్డి తొక్కవని, రోకలి పక్కన పెట్టించేది, కోళ్ళని గంప కింద మూయించేది, తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల్ని వీధిలోకి తరిమేది. మా మరుగుదొడ్డి గడ్డివామి అవతల ఉండేది కాబట్టి, ఆ పూటంతా ఇంటిల్లిపాదీ చెంబులు పట్టుకుని పక్కింటికి వెళ్ళేవాళ్ళం. “ఏంటి వదినా, మీ పాములకి మళ్ళీ పెళ్ళా?” అని పక్కింటి సుబ్బాయమ్మ నవ్వుతూనే తలుపు తీసేది.

ఇప్పుడు నేనుండేది తెనాలిలో. ఇంటి చుట్టూ సిమెంటు చేశారు. ఎలకలకి బిళ్ళలు కొనుక్కొచ్చి మూలమూలా పెడతారు, చచ్చిన ఎలక ఏ బీరువా వెనక ఉందో తెలియక ముక్కులు మూసుకుని వెతుకుతారు. డబ్బిచ్చి కంపు కొనుక్కోవడం మా ఇంట్లో అప్పుడు ఎవరికీ తెలియదు.

సరే, ఆ రోజు సంగతి. ఇంట్లో సూది తగలని గుడ్డ ఒక్కటే ఉంది, అది నాది. మా చిన్నత్త పెళ్ళికని నాన్న తెనాలి బజారులో కొనుక్కొచ్చిన పరికిణీ గుడ్డ. చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు. ఎప్పుడూ మా అక్క విడిచినవి తొడుక్కునే దాన్ని, నాకంటూ కొన్న మొదటి గుడ్డ అది. పాముల మీద కప్పిన గుడ్డని ఎవరూ కట్టుకోరు, పసుపూ కుంకుమా పెట్టి పెట్టె అడుగున దాస్తారు. పెద్దమ్మ చూపు దాని మీద పడగానే నేను ఉరికి దాన్ని పొట్టకి కరుచుకున్నాను.

“ఇవ్వమ్మా, ఇల్లంతా బాగుపడుతుంది.”

“నేనివ్వను. అత్త పెళ్ళికి నేనేం కట్టుకోవాలి?”

“ఇంకోటి కొంటార్లే.”

“ఎవరు కొంటారు?” అంది నాయనమ్మ.

పెద్దమ్మ ఒక కొస పట్టుకుంది. అటు ఆవిడా, ఇటు నేనూ, చప్పుడు చెయ్యకుండా లాక్కుంటున్నాం. చప్పుడైతే పాములు పోతాయని ఇద్దరికీ భయమే. నాయనమ్మ మెల్లగా లేచి, గోడమీది క్యాలెండరుకి గుచ్చి ఉన్న దారం సూదిని తీసి, మా ఇద్దరి మధ్యా బిగుసుకున్న ఆ గుడ్డ అంచున ఒక్క కుట్టు వేసి, దారం పంటితో తెంపింది.

“సూది తగిలింది. ఇహ నీ పాములకి పనికిరాదు, దీని ఒంటికే పనికొస్తుంది. వదులు.”

పెద్దమ్మ వదిలేసింది. అమ్మ నవ్వు బైటపడకుండా పైట నోట్లో కుక్కుకుని వసారాలోకి పారిపోయింది. బయట పాములకి ఇదేమీ పట్టలేదు. పొద్దు వాలేదాకా ఆడుకుని, విడిపోయి, వామి కిందికి దూరిపోయాయి.

సాయంత్రం నాన్న చొక్కాకి గుండీ కుడదామంటే సూది కనిపించలేదు. జంట పాముల ఎదట కుట్టిన సూదీ మంచిదేనని పెద్దమ్మ దానికి పసుపు రాసి తన పెట్టెలో దాచిందట. “దాచుకోనీ. సూది తిండి అడగదు కదా” అంది నాయనమ్మ.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మే ఆ గుడ్డ చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని దర్జీ దగ్గరికి తీసుకెళ్ళింది. “ఎదిగే పిల్ల, కింద మడత ఎక్కువ వెయ్యి నాయనా. పెళ్ళిలోపు కావాలి” అంది. అతను నా నడుము కొలిచి, గుడ్డ బల్లమీద పరిచి, కత్తెర పెట్టి కోశాడు.