బ్యాటరీ లేని గడియారం

దయ్యాల కబుర్లంటే నాకు భయం లేదు, విసుగు. మేడ్చల్‌లో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తాను. ఎవరు ఏ వింత చెప్పినా ముందు వైరింగ్ చూశారా అని అడిగే మనిషిని. నా కళ్లతో చూడకపోతే ఇది విని మొదట నవ్వేదాన్ని నేనే.

మా బాపు శామీర్‌పేటలో టీవీలు, రేడియోలు బాగుచేసేవాడు. దుకాణం మూసేశాక ఆయనకు మిగిలిన సరదా, టీవీకి తగిలించి వాడే ఒక పాతకాలం ఇంటి కంప్యూటర్. అందులో అన్నీ బాగుచేశాడు గానీ లోపలి గడియారం మాత్రం లొంగలేదు. ఆ రోజుల్లో టైము గుర్తుపెట్టుకునే చిప్పులోనే చిన్న బ్యాటరీ పెట్టి సీలు చేసేవాళ్లు. అది చచ్చిపోయింది. ఎప్పుడు ఆన్ చేసినా పోయిన శతాబ్దపు తేదీ చూపేది. "ఇది నా పెండ్లి కాడనే ఆగింది" అని నవ్వేవాడు.

చివరికి చిప్పు మీది ప్లాస్టిక్‌ను ఆకురాయితో అరగదీసి, లోపలి బ్యాటరీ తీగ కోసేశాడు. ఇక బయట కొత్త బ్యాటరీ సెల్లు అతకాలి. చేయి వణుకుతుందని సోల్డరింగ్ నాకోసం ఆపాడు. ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం రాకముందే, టీ తాగుతూ తాగుతూ పోయాడు.

మూడో రోజు చెరువు గట్టున బాపు పేరున పిట్టకు, అంటే కాకికి, కూడు పెట్టాం. మా వైపు పిట్ట ముట్టేదాకా ఇంట్లోవాళ్లు మెతుకు ముట్టరు. బాపుకు ఇష్టమైనవన్నీ విస్తరిలో ఉన్నాయి. కాకులు చుట్టూ వాలుతున్నాయి గానీ దగ్గరికి రావు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే అట్లాగే అవుతుందంటారు. మా అన్న దండం పెట్టి, అమ్మను చూసుకుంటానని చెప్పాడు. అయినా రాలేదు. ఎండ ముదిరింది. అమ్మకు షుగరు, కళ్లు తిరుగుతున్నాయి. ఏదైనా తినమంటే, ఆయన ఆకలితోనుంటే నేనెట్ల తింట అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

నమ్మకంతో కాదు, అమ్మ తినాలని ముందుకెళ్లాను. "బాపూ, గా గడియారం నేను నడిపిస్త. ఇగ తిను."

కాకి వచ్చి తిన్నది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. దానికి ఆకలేసింది, తిన్నది.

ఇంటికొచ్చి అమ్మ నాలుగు ముద్దలు తిన్నాక, పని ఎంతదాకా వచ్చిందో చూద్దామని కంప్యూటర్ ఆన్ చేశాను. తెర మీద ఆ రోజు తేదీ ఉంది. టైము నా ఫోన్‌తో సరిగ్గా కలిసింది. అన్నను పిలిచి చూపించాను. ఆపి, ప్లగ్గు పీకి, మూత తీశాను. బాపు కోసిన తీగ కోసినట్టే ఉంది, కొత్త సెల్లు లేదు. మీటర్ పెడితే సున్నా. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు, దానికి ఇంటర్నెట్టూ లేదు. మళ్లీ ఆన్ చేస్తే తెర మీద పోయిన శతాబ్దమే.

గడపలో నిలబడి చూస్తున్న అమ్మ నెమ్మదిగా అంది. "నువ్వొచ్చేదాక ఆగిండు బిడ్డా."

నాకు భయం వేయలేదు. చిన్నప్పుడు బాపు ఒక మూగ రేడియోలోంచి పాట రప్పిస్తే నోరు తెరిచి చూశాను, అచ్చం అలాగే ఉండిపోయాను.

సాయంత్రం కొత్త సెల్లు అతికాను. ఇప్పుడు మామూలుగా నడుస్తోంది, అందులో వింతేమీ లేదు. ఆ ఒక్కసారి ఎలా నడిచిందో తోటి లెక్చరర్లను అడిగాను, నేనూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. జవాబు దొరకలేదు. బ్యాటరీ లేకుండా గడియారం నడవదని ల్యాబులో పిల్లలకు ఇప్పటికీ చెబుతున్నాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం తగ్గుతుంది.