నాన్న నైట్ డ్యూటీ, నా నిద్ర

నాన్నకి నైట్ డ్యూటీ పడిన వారం మా సెక్టర్ సిక్స్ క్వార్టర్‌లో పట్టపగలే అర్ధరాత్రి. నాన్న ఉక్కు ప్లాంటు నుంచి పొద్దున్నే వచ్చి, స్నానం చేసి, ఇంత పప్పన్నం తిని పడుకునేవాడు. ఇక సాయంత్రం దాకా ఇంట్లో చప్పుడు వినబడకూడదు. అమ్మ కాలింగ్ బెల్ ఆపేసేది, కిటికీలకి దుప్పట్లు కట్టేది, కుక్కర్ జోలికే పోయేది కాదు. కుర్చీ జరపాలంటే ఎత్తి పెట్టాలి. ఈడ్చామా, వీపు విమానం మోతే. మా లైన్లో నడక వచ్చిన పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు.

పదకొండో క్లాసులో నేను బడి నుంచి ఆ చీకట్లోకి వచ్చేదాన్ని. కూలర్ మోత, నాన్న గురక, కంచంలో కొండంత అన్నం. తినగానే కళ్లు వాలిపోయేవి. ఆ మత్తులోనే సైకిలేసుకుని కోచింగ్‌కి పోవాలి. అక్కడ ఫ్యాన్ కింద కూర్చున్నానో లేదో, తల పుస్తకం మీద.

చూసి చూసి సార్‌కి విసుగొచ్చింది. "ఇంకోసారి పడుకుంటే మీ నాన్నని పిలిపిస్తా. ఆయనతో చెప్పి కింది బ్యాచ్‌లో వేస్తా," అన్నాడు హిందీలో. మాది హిందీ ఊరు, తెలుగు ఇంట్లోనే. కింది బ్యాచంటే పాసైతే చాలనుకునేవాళ్లది. ఇంజినీరింగ్ మాట అక్కడ ఎవరూ ఎత్తరు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బ్యాచ్ వదలను. నాన్ననీ పిలవను. రాత్రంతా ఫర్నేసు దగ్గర నిలబడే మనిషి, నా మూలంగా నిద్ర చాలక అక్కడ తూలితే?

మర్నాడే అన్నం మానేసి చపాతీలు అడిగాను. అమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఏటే, అన్నం మీద అలిగినావేటి? కోడి గెలికినట్టు ఆ తిండేటి?"

"అన్నం తింటే నిద్రొస్తాదమ్మా."

"నిద్రొస్తే పడుకోవాల గానీ, కడుపు మాడ్చుకుంతారేటే?"

ఇదంతా గుసగుసల్లోనే. గొంతెత్తకుండా దెబ్బలాడుకోవడం ఎంత కష్టమో షిఫ్టు ఇళ్లవాళ్లని అడగండి! ఆఖరికి రాజీకొచ్చాం. నేను కాసేపు కునుకు తీస్తాను, అమ్మ లేపుతుంది. అలారం మోగడానికి లేదు కదా. పాపం, గడియారం కేసి చూస్తూ కూర్చుని, వేళకి భుజం తట్టి, మొహాన నీళ్లు కొట్టి మరీ తోలేది. క్లాసులో వెనకాల, గోడకి ఆనుకోకుండా నిలబడి రాసుకునేదాన్ని. ఒక కుర్రాడు నాకు చౌకీదార్, అంటే కాపలావాడు, అని పేరు పెట్టాడు. పెట్టుకోనీ. నవ్విన నాపచేనే పండుతుంది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా టెస్టు వచ్చింది. టెస్టు కూర్చునే రాయాలి. కూర్చున్నాను, అంతే సంగతులు! నిద్ర లేచి చూస్తే పేపర్ సగం ఖాళీ, ఎదురుగా సార్.

"రేపు నాన్నని తీసుకురా."

సార్‌తో నేనే మాట్లాడుకుంటాను, నాన్నకి చెప్పొద్దని అమ్మని బతిమాలాను. అమ్మ కడుపులో మాట దాగితేగా! మర్నాడు క్లాసు మధ్యలో చూద్దును కదా, గుమ్మంలో నాన్న! కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. క్లాసయ్యేదాకా కూర్చోమని సార్ తలుపు పక్కన కుర్చీ చూపించాడు. బోర్డు మీద లెక్క పూర్తికాకముందే నాన్న తల గోడకి ఆన్చి నిద్రపోయాడు. ఎవరో కిసుక్కుమన్నారు. సార్ లేపబోయాడు.

గబుక్కున లేచాను.

"లేపకండి సార్, నైట్ డ్యూటీ. నిద్రపోయింది నేను, అడగాల్సింది నన్ను. కింది బ్యాచ్‌కి మాత్రం పోను. ఏ లెక్కయినా ఇవ్వండి."

సార్ బోర్డు మీద ఒక లెక్క రాసి చాక్‌పీస్ ఇచ్చాడు. మధ్యలో ఒకచోట తప్పాను. చెరిపేసి మళ్లీ చేశాను. జవాబు వచ్చింది.

క్లాసయింది. రోజూ అయితే కుర్చీలు ఈడ్చే గోలకి చెవులు చిల్లులు పడేవి. ఆ రోజు ఎవరూ చెప్పలేదు, ఒక్కొక్కరే లేచి కుర్చీ ఎత్తి పెట్టారు. నన్ను చౌకీదార్ అన్నవాడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. అందరం షిఫ్టు ఇళ్ల పిల్లలమే.

"సోనే దో, పడుకోనీ ఆయన్ని," అన్నాడు సార్ మెల్లగా. "నువ్వు రేపు ఇదే బ్యాచ్‌కి రా."

నాన్న లేచేదాకా పక్కనే నిలబడి తరవాతి పాఠం చదువుకున్నాను. ఒక్క ఆవలింత కూడా రాలేదు.