పిల్లి పుస్తకం ఓట్లతో ధర్మవరం దాకా

శనివారం ఉదయం ఏడూ ఇరవైకి హిందూపురం స్టేషన్లో ధర్మవరం వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు మాత్రం పెనుకొండ దాకానే తీసుకున్నాను. అక్కడ దిగి ఒకరిని కలిసి, ఆ తర్వాత బస్సులో ధర్మవరం పోవాలి. భుజాన ఒక గుడ్డసంచి. అందులో నీళ్లసీసా, ఒక పిల్లల పుస్తకం, మా బడి ఆడపిల్లలు వేసిన ఓటు చీటీలు. రబ్బరు బ్యాండ్లు వేసి ఐదు కట్టలుగా కట్టాను.

నేను హిందూపురంలో ఒక బాలికల హైస్కూల్లో లైబ్రరీ చూస్తాను. మా ప్రాంతంలో పిల్లల పుస్తకాలకు ఏటా అవార్డు ఇచ్చే సంఘం ఒకటి ఉంది. బళ్లలో లైబ్రరీ చూసేవాళ్లకు నెలనెలా నాలుగు పేజీల పత్రిక కూడా పంపుతుంది. కొత్తగా ఏ పుస్తకాలు వచ్చాయి, ఎవరికి బహుమతులు వచ్చాయి, బీరువాకు చెదలు పట్టకుండా ఏం చేయాలి, ఇలాంటి కబుర్లుంటాయి. ఈ ఏడు వాళ్లకు మంచి ఆలోచన వచ్చింది. ఐదు పుస్తకాలు పంపించి, పిల్లల చేత చదివించి ఓట్లు వేయించమన్నారు. పిల్లలు ఎన్నుకున్న పుస్తకానికే అవార్డు అని పత్రిక మొదటి పేజీలోనే అచ్చు వేశారు.

మా పిల్లలు ఎన్నుకున్నది 'మగ్గం గుంతలో పిల్లి'. రాసినామె ధర్మవరంలో పట్టుచీరలు నేసే లక్ష్మీదేవి. కథ చిన్నదే. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో ఒక పిల్లి పిల్లల్ని పెడుతుంది. చీర ఇవ్వాల్సిన గడువు ముంచుకొస్తుంది. కూనలు కళ్లు తెరిచేదాకా గుంతలో కాలు పెట్టేది లేదని ఆ చీర నేసే అవ్వ భీష్మించుకుంటుంది. కథంతా ఆ అవ్వ మాటలోనే, మన ఇళ్లల్లో మాట్లాడుకునే మాటలోనే నడుస్తుంది. చేతులు మారీ మారీ మా బళ్లో ఆ పుస్తకం అట్ట ఊడిపోతే రెండుసార్లు అతికించాను.

పోయిన వారం పత్రిక వచ్చింది. అవార్డు వేరే పుస్తకానికి ఇచ్చారు. బడి లైబ్రరీలకు కొనబోయే పుస్తకాల జాబితాలో కూడా పిల్లి పుస్తకం పేరు లేదు. చివరి పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది. 'భాష ప్రమాణంగా లేనందున ఒక పుస్తకాన్ని పరిశీలన నుంచి తొలగించడమైనది.'

ఏడో తరగతి రేణుక అది చదివి నా బల్ల దగ్గరకొచ్చింది. "మేడమ్, మేము మాట్లాడేది తప్పా?" అని అడిగింది. కాదన్నాను. "అట్లయితే ఎందుకు తీసేసినారు?" అంది. అవార్డు సభ శనివారం ధర్మవరంలో అని అదే పత్రికలో ఉంది. సెలవుచీటీ రాసి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద పెట్టాను. ఇంత చిన్న విషయానికా అన్నారావిడ. అవును మేడమ్, దీనికే అన్నాను.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దాయన ఖాళీ సంచులు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిన్న హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు అమ్మి, చెల్లెలింట్లో పడుకుని ఇప్పుడు ఊరికి పోతున్నాడట. మీరు యాడికి పోతాండారమ్మా అని అడిగితే నేనూ దాచకుండా చెప్పాను. పుస్తకం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అద్దాలు తేలేదు, నువ్వే సదువమ్మా అన్నాడు. అవ్వ కొడుకుతో తగువు పెట్టుకునే పేజీ చదివాను. పక్కన శెనక్కాయలు ఒలుచుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా ఇటు తిరిగారు. మలుగూరు దగ్గర చదవడం ఆపితే తర్వాత ఏమాయ అని పెద్దాయన వదల్లేదు. చాకర్లపల్లి దాటేదాకా చదివించాడు.

ఇదే పుస్తకాన్ని తీసేశారని చెప్పాను. పెద్దాయన నెమ్మదిగా, "ఆ తీసేసినోళ్లు వాళ్లింట్లో ఎట్ల మాట్లాడతారమ్మా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఎనిమిదింబావుకు పెనుకొండలో దిగాను. స్టేషన్ నుంచి ఊళ్లోకి షేరాటో. కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట, రైలు దిగీ దిగగానే ఎక్కేయండి, ఆలస్యం చేస్తే ఇంకో రైలు వచ్చేదాకా ఆటోలు కదలవు. తొమ్మిదికి ముందే బడి చేరాను.

నేను కలవాల్సింది రంగనాథ్ సారును. ఆయన పీఈటీ. ఆ బడికి లైబ్రేరియన్ లేడు కాబట్టి పుస్తకాల బాధ్యత కూడా ఆయనదే. వాళ్ల పిల్లలు కూడా పిల్లి పుస్తకానికే ఓటేశారని ఫోన్లో ఆయనే చెప్పాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఆ మాటెత్తితే నేల చూపులు చూస్తున్నాడు. సంగతేమిటంటే, పిల్లల ఓట్లు సలహా మాత్రమే, తుది నిర్ణయం సంఘానిదే, అందుకు మాకు అంగీకారమే అని టైపు చేసిన కాగితం ఒకటి అన్ని బళ్లకూ పంపారు. నాకూ వచ్చింది. నేను సంతకం చేయలేదు. ఆయన చేశాడు.

నాకు కోపం వచ్చింది. వచ్చిందని మొహం మీదే చెప్పాను. ఆయన లేచి పక్క గది తలుపు తీసి చూపించాడు. వాలీబాల్ నెట్టు, బ్యాట్లు, సున్నం బస్తా, వాటి మధ్య నేల మీద దొంతర్లుగా పుస్తకాలు. "సంతకం చేస్తే బీరువా ఇస్తామన్యారు మేడమ్. వానొస్తే ఈడ గోడెంబడి నీళ్లు కారతాయి. పుస్తకాలు తడస్తాయని సంతకం చేసినా" అన్నాడు.

ఆ గది చూశాక నా గొంతు తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు, అది ఆయన మీది నుంచి జరిగి ఇంకో చోటికి పోయింది. గేటు బయట హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నేను తిన్నాను, ఆయన కెలికాడు. సగంలో లేచి చెయ్యి కడుక్కుని నా దగ్గర కాగితం అడిగి తీసుకున్నాడు. నిలబడే రాశాడు. మా బడి పిల్లలు 'మగ్గం గుంతలో పిల్లి'కి ఓటు వేశారు, ఇంతకుముందు నేను చేసిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని రెండే వాక్యాలు. బీరువా సంగతేమిటి సార్ అని అడిగాను. "రాకపోతే రాకపోనీ. పిల్లోళ్లకు మొగం చూపించల్ల కదా" అన్నాడు. ఆ రోజు ఆటల పోటీలు ఉండడంతో ఆయన నాతో రాలేకపోయాడు. వాళ్ల ఓట్లను షటిల్ కాక్‌ల డబ్బాలో వేసి ఇచ్చాడు.

పదిన్నరకు బస్సు. శనివారం కాబట్టి పెళ్లిచీరలు కొనడానికి పోయేవాళ్లే ఎక్కువ. నా పక్కన కూర్చున్న పెళ్లికూతురి తల్లి ఏ రంగు చీర కొనాలో నన్ను అడిగింది. నాకు చీరల సంగతి తెలియదని చెబితే ధర్మవరం పోతూ చీరల సంగతి తెలియదంటావేమని ఆశ్చర్యపోయింది. పన్నెండు దాటాక దిగాం. బస్టాండు దగ్గర మెస్సులో అన్నం, పప్పు, వేరుశెనగ పొడి. సంచి ఒళ్లోంచి దించకుండానే తిన్నాను.

సభ రెండు గంటలకు, ఒక ప్రైవేటు బడి మేడ మీది హాల్లో. సంఘం అధ్యక్షుడు రిటైరైన తెలుగు లెక్చరర్. మర్యాదస్తుడు. ఎదురొచ్చి నమస్కారం పెట్టి ముందు వరసలో కూర్చోమన్నాడు. మాట్లాడాలని చెబితే చివర్లో రెండు నిమిషాలు ఇస్తానన్నాడు. చివర్లో అంటే అవార్డు ఇచ్చేశాక. నేను కూర్చోకుండా మైకు పక్కనే నిలబడ్డాను. ఇరవై ఏళ్లుగా లైబ్రరీలో మెల్లగా మాట్లాడండి అని పిల్లలకు చెప్పే మనిషిని, మైకు ముందు గట్టిగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. ప్రార్థన కాగానే ఆయన నన్ను చూసి, చేసేది లేక సరే కానివ్వండి అన్నాడు.

ముందు పత్రిక మొదటి పేజీలో వాళ్లు అచ్చు వేసిన మాట చదివాను. తర్వాత కొత్త సంచిక చివరి పేజీలోని వాక్యం చదివాను. తర్వాత రంగనాథ్ సారు ఉత్తరం చదివాను. చీటీల కట్టలు, షటిల్ డబ్బా బల్ల మీద పెట్టి, ఇవి లెక్కపెట్టండి అన్నాను.

అధ్యక్షుడు కోప్పడలేదు. ఓపిగ్గానే అడిగాడు. "అమ్మా, రేపు మీ పిల్ల పరీక్షలో 'ఉండాది' అని రాస్తే మార్కులు ఎవరు వేస్తారు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. వారం రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను. "పరీక్షలో ఏం రాయాలో మేము నేర్పిస్తాం సార్. ఆ పని రోజూ చేస్తున్నాం. ఏ కథ ఇష్టపడాలో మాత్రం నేర్పించం. అది వాళ్లను అడిగింది మీరే, వాళ్లు చెప్పారు."

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, వెంటనే ఆపేశారు. అధ్యక్షుడు మీ అభిప్రాయం నమోదు చేసుకుంటామన్నాడు. చీటీలు ఎవరూ లెక్కపెట్టలేదు. అవార్డు అనుకున్న పుస్తకానికే ఇచ్చారు. శాలువా కప్పారు, ఫోటోలు తీశారు.

సభ అయ్యాక కొనబోయే పుస్తకాల జాబితా మీద బళ్ల తరఫున వచ్చినవాళ్లం సంతకాలు చేయాలి. ఆ సంతకాలతోనే జాబితా పుస్తకాలు కొనే పై ఆఫీసుకు పోతుంది. నా వంతు వచ్చింది. సంతకం పెట్టే గడిలో, 'పిల్లలు ఎన్నుకున్న పుస్తకం ఇందులో లేదు, కాబట్టి ఈ జాబితాను నేను ఒప్పుకోను' అని రాసి, దాని కింద పేరు, బడి పేరు రాశాను. నా వెనక ఉన్నది కదిరి నుంచి వచ్చిన లైబ్రేరియన్ సరోజ. అంతవరకు ఆమెతో నాకు పరిచయం లేదు. నేను రాసింది చదివి, పెన్ను తీసుకుని కింద 'నేను కూడా' అని రాసింది. ఆమె తర్వాత ఇంకో ముగ్గురు. మిగిలినవాళ్లు మామూలుగా సంతకాలు చేసి పోయారు. వాళ్లను తప్పుపట్టను, ఒక్కొక్కరికి ఒక్కో బీరువా ఉంటుంది.

నాలుగున్నరకు సరోజ, నేను బల్ల మీది చీటీలన్నీ సంచిలోకి ఎత్తుకుని లక్ష్మీదేవి ఇల్లు వెతుక్కుంటూ పోయాం. సభకు ఆమెను పిలవలేదు. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడే. మేం వెళ్లేసరికి ఆమె మగ్గంలో ఉంది. నలభై ఏళ్లుంటాయి, మెడలో కళ్లద్దాలు వేలాడుతున్నాయి. అవార్డు రాలేదని ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నేను నోరు తెరిచేలోపే నాకు తెలుసు మేడమ్ అంది.

ఆమెకు అందరికంటే ముందే తెలుసు. నెల కిందట సంఘం వాళ్లు ఫోన్ చేశారట. పుస్తకం మొత్తం పత్రికల భాషలోకి మార్చి ఇస్తే అవార్డు మీదేనన్నారట.

"మారిస్తే మా అవ్వ కాదు సార్ అది, ఇంగెవురో అని చెప్పినా" అంది. "వాళ్లు ఆలోచించుకోమన్యారు. ఆలోచించేకి ఏముండాది? ఆయమ్మ నోట్లో ఇంగొకరి మాట నేను పెట్టల్యా."

ఇంతసేపూ నేనేదో ఒంటరిగా పోట్లాడి వచ్చాననుకుంటున్నాను. నాకంటే నెల ముందే, ఈ గుంతలో కూర్చుని, ఫోన్లో ఒక్క మాటతో ఆమె తేల్చేసింది. సరోజ నా వైపు చూసింది.

చీటీలు మంచం మీద పోశాం. లక్ష్మీదేవి చేతులు కడుక్కుని, అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. పిల్లలకు ఓటుతోపాటు ఒక ముక్క కారణం రాయమని చెప్పాను. 'మా జేజి గూడా ఇట్లే తిడుతుంది.' 'పిల్లి బతికింది, అందుకు.' 'ఈ పుస్తకం నాకు ఒకసారికే అర్థమైంది.' ఈ మూడో చీటీని ఆమె పక్కన పెట్టి మళ్లీ తీసి చదివింది. పెనుకొండ డబ్బాలో ఒకడు పిల్లికి పేరు బాగా పెట్టలేదని రాశాడు. దానికి బాగా నవ్వింది, వాడు చెప్పింది నిజమే అంది. టీ తాగి బయల్దేరుతుంటే చీటీలు తీసుకుపోతారా అని మెల్లగా అడిగింది. అవి మీవే అన్నాం.

ఆరుంబావుకు ధర్మవరం స్టేషన్లో బెంగళూరు వైపు రైలు ఎక్కాను. సరోజ కదిరి బస్సుకు పోయింది. పెనుకొండ దాటుతుండగా ఫోన్ మోగింది. సంఘం అధ్యక్షుడు. గొంతు అలసిపోయి ఉంది. జాబితా సోమవారం ఆఫీసుకు పంపాలి, మీరు రాసిన వాక్యం చూస్తే పైవాళ్లు ప్రశ్నలు వేస్తారు, కొత్త కాగితం మీద ఉత్త సంతకం చేసి పంపితే మిగిలిన నలుగురినీ అదే అడుగుతాను అన్నాడు. వచ్చే ఏడు ఎంపిక సంఘంలో మిమ్మల్ని వేస్తాం అని కూడా అన్నాడు.

"చేయను సార్" అన్నాను.

"అట్లయితే ఆ కాగితం అట్లే పోవాల్సి వస్తుందమ్మా."

"పోనీయండి సార్."

ఆయన సరే అని పెట్టేశాడు. ఆ కాగితం పై ఆఫీసుకు పోయాక ఏమవుతుందో నాకు తెలియదు. ఏమీ కాకపోవచ్చు. కానీ ఈ అవార్డు మొదలైనప్పటి నుంచి ఆ గడుల్లో సంతకాలు తప్ప ఇంకేమీ రాయలేదని సరోజ చెప్పింది. ఈసారి ఐదు గడుల్లో మాట ఉంది.

రేపు మీలో ఎవరికైనా ఇలాంటి ప్రయాణం పడితే, పొద్దున రైలుకే పోండి, పెనుకొండలో టిఫిన్ చేయండి, పిల్లల ఓట్లను ఎవరి చేతికీ ఇవ్వకుండా మీరే మోసుకుపోండి. గెలుస్తామని చెప్పలేను. నేను గెలవలేదు. ఎనిమిదిన్నరకు హిందూపురంలో దిగి ఇంటికి నడుస్తూ, సోమవారం మొదటి పీరియడ్లో ఏం చదివి వినిపించాలో నిర్ణయించుకున్నాను. జాబితాలో లేని పుస్తకమే.