బొంత మధ్యలో కాఫీరంగు చీర

మంగళవారం, శ్రావణ బహుళం. పాలు రెండు లీటర్లు. ఉతికిన బట్టలు పద్నాలుగు, అందులో దుప్పట్లు రెండు. ఇడ్లీకి పప్పు నానబోశాను. గోంగూర వలిచాను. మా అత్తగారికి రెండుపూటలా కళ్ళలో చుక్కలు. చిన్నదాని స్కూలు గౌనుకు అంచు విప్పి పొడుగు చేశాను.

రోజూ నోటుపుస్తకంలో ఇలాగే రాసుకుంటాను. ఆ రోజు పేజీ అక్కడితో ఆగిపోయింది. గౌను అంచు కుట్టి దారం కొరుకుతుంటే గోడ అవతల నుంచి పక్కింటి కోడలి గొంతు వినిపించింది. "అక్కా, ఒకసారి రా. అత్తమ్మ పలకట్లా."

వెళ్ళేసరికి పిన్నిగారు వసారాలో చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. తల దగ్గర కుట్టు డబ్బా ఉంది. సూదులు లెక్క చూసుకున్నాకే ఆవిడ డబ్బా మూత పెట్టేవారు. మూత పెట్టే ఉంది. కాస్త కునుకు తీద్దామని పడుకున్నట్టున్నారు.

ఆవిడ మాకు చుట్టం కాదు. పక్కింటావిడ. పర్చూరు దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చిన రోజు నుంచి పిన్నిగారూ అని పిలిచాను. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఒక చీర దగ్గర నా ఆలోచన చిక్కుపడి ముందుకు సాగడం లేదు. అందుకని ఆ చీర సంగతే చెబుతాను.

తొంభై ఎనిమిదిలో రెండో పురుడు పోసుకుని, ఐదో నెలలో చిన్నదాన్ని ఎత్తుకుని పుట్టింటి నుంచి వచ్చాను. పెద్దదానికి అప్పుడు మూడేళ్ళు. చంటిదానికి కింద పరిచే బొంత కావాలి. మా వీధిలో చంటిబిడ్డ బొంతకు ఒక్క ఇంటి చీరలే వాడరు. "నలుగురి ఒళ్ళో పెరగాలి గదమ్మాయ్ బిడ్డ. నాలుగిళ్ళ చీరలూ కలవాల్సిందే" అనేవారు పిన్నిగారు. అలా తలా ఒక పాత చీర ఇచ్చారు. మా అమ్మ పురిటిమూటలో కట్టి పంపినవి ఎటూ ఉన్నాయి.

బొంత కుట్టడం నాకు రాదు. పిన్నిగారే నేర్పారు. పైకి రంగురంగుల జాకెట్టు గుడ్డల్ని జానెడు చదరాలుగా కత్తిరించి అతకాలి. అడుగున గట్టి చీర, మధ్యలో మెత్తటి చీరలు మూడు నాలుగు పొరలు పరిచి, కదలకుండా టాకాలు వేసి, చుట్టూ నుంచి లోపలికి కుట్టుకుంటూ రావాలి. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ పని ఎలా చేయాలన్నది ఆవిడ నేర్పిన అసలు విద్య. పెద్దదాని ముందు గుడ్డముక్కలు గుమ్మరించి, "ఎర్రవన్నీ నీ కూతుళ్ళు, పచ్చవన్నీ నీ కోడళ్ళు. కూతుళ్ళనీ కోడళ్ళనీ కలపమాక, కొట్టుకుంటారు" అనేవారు. అది గంటసేపు కదిలేది కాదు. చంటిది ఏడిస్తే నేను ఒళ్ళో గుడ్డ విదిలించి లేవబోయేదాన్ని. ఆవిడ నా మణికట్టు పట్టుకునేవారు. "ముందు సూది, తర్వాత బిడ్డ. సూది కనపడే చోట గుచ్చి అప్పుడు లెగు. ఏడిస్తే బిడ్డకేం కాదు, సూది దొరక్కపోతేనే ముప్పు." ఇప్పటికీ ఎవరు పిలిచినా నా చెయ్యి ముందు సూది గుచ్చాకే నేను లేస్తాను.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకి. పాత గుడ్డ ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేవారు. "ఎన్ని ఉతుకులు ఉతికినా చీర ఎక్కడ తిరిగిందో మర్చిపోదమ్మాయ్."

చదరాలు అతకడం అయ్యేసరికి మిరప కోతలు ముమ్మరమయ్యాయి. పిన్నిగారు కూలికి కల్లానికి వెళ్ళేవారు. ఆరబోసిన కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరే పని. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. నాకు తొందర. మధ్య పొరలు నేనే పరిచేసి టాకాలు వేసేశాను. పరిచే ముందు ఏ చీర ఎవరిదో, ఎన్నిసార్లు ఉతికానో పుస్తకంలో పద్ధతిగా రాసుకున్నాను. వాసన చూడటం మాత్రం నాకు తోచలేదు.

బొంత మీద పడుకోబెట్టిన మొదటి రెండు రోజులూ చంటిది బాగానే నిద్రపోయింది. తడి లోపలి పొరలదాకా దిగిందేమో, మూడో రోజు నుంచి మొదలైంది. పక్క తడిపిందంటే చాలు, గుక్కపట్టి ఏడుపు. చీమ కుట్టిందనుకున్నాం. కడుపునొప్పేమోనని వాము కాచి తాగించాం. వీపంతా, తొడలంతా కందిపోయి ఉంటే చూసి మా అత్తగారు బిడ్డను ఎత్తుకుని, తడిసిన బొంతను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారిగా తుమ్మారు.

"ఓసి నీ దుంపతెగ! మిరపకాయ ఘాటే ఇది!"

ఆ సాయంత్రం పిన్నిగారు కల్లం నుంచి నేరుగా వచ్చారు. తలకు చుట్టుకున్న గుడ్డ కూడా తీయలేదు. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చంటిదాని వీపుకు మజ్జిగ అద్దుతున్నాను. మా అత్తగారు కేకలేస్తున్నారు. "ముక్కు లేదంటమ్మా నీకు? ఊళ్ళో వాళ్ళందరికీ నీతులు చెబుతావే! పసిగుడ్డు కింద పరిచేదేనా కల్లం చీర?"

పిన్నిగారు కూర్చుని బ్లేడుతో టాకాలు తెంచారు. ఒక్కో పొరా వాసన చూసి పక్కన పెట్టారు. మూడో పొర ముక్కు దగ్గర పెట్టుకుని ఆగారు. ఒకసారి నావైపు చూశారు. ఆ చీరను అంచు కనపడకుండా ఉండలా చుట్టి, విప్పిన పైగుడ్డతో కలిపి చంకలో పెట్టుకున్నారు.

"నాదే వదినా. కల్లానికి కట్టుకెళ్ళిందే. పొరపాటున మూటలో కలిసింది."

"రేపట్నుంచి నా గుమ్మం తొక్కమాక" అన్నారు మా అత్తగారు.

నేను నోరెత్తలేదు. పిన్నిగారిదే అనుకున్నాను. ఆవిడే ఒప్పుకున్నాక అనుకోకేం చేస్తాను? ప్రతి చిన్న విషయానికీ పుస్తకం తీసేదాన్ని, ఆ రోజు మాత్రం తీసి చూడలేదు. తోచక తీయలేదో, తీయాలనిపించకే తీయలేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా తేలడం లేదు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గోడ మీద కొత్త బొంత కనిపించింది. నేను కత్తిరించిన చదరాలే, మధ్య పొరలు మాత్రం వేరేవి. గోడ అవతల పిన్నిగారు నిలబడి ఉన్నారు. "భయపడమాక అమ్మాయ్. ఒక్కో గుడ్డా తడిపి ఒక పూటంతా మెడకి చుట్టుకుని చూశా. చెమట పట్టే చోటైతే అబద్ధం చెప్పదు. మంట లేదు." నేను తీసుకున్నాను. థాంక్స్ అని కూడా అనలేదు.

అప్పటి నుంచి పదేళ్ళు మా మాటలన్నీ గోడ మీద నుంచే సాగాయి. మూలలు ఎలా కలపాలి, పత్తి దారమే ఎందుకు వాడాలి అన్నీ అలాగే నేర్చుకున్నాను. పెద్దది అటూ ఇటూ గుడ్డముక్కలు మోసేది. మా అత్తగారు విననట్టు ఉండేవారు. పిన్నిగారు మాత్రం మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు. చిన్నదాని పుట్టినరోజులకీ ఎక్కలేదు. గోడ దగ్గరికే పిలిపించుకుని దాని వీపు నిమిరి పంపేవారు.

పెద్దకర్మ అయిన మూడో రోజు పక్కింటి కోడలు రెండు నెలల చంటిదాన్ని చంకనేసుకుని ఒక మూట తెచ్చింది.

"మనవరాలి కోసం అత్తమ్మ మొదలెట్టిన బొంతక్కా. పైముక్కలు అతికింది, పొరలు కూడా తీసిపెట్టుకుంది. నాకు చేతకాదు. నువ్వే పూర్తిచెయ్యి."

మూట విప్పాను. పైన అతికిన చదరాలు. వాటి కింద మడతలు పెట్టిన చీరలు నాలుగు. అన్నిటికన్నా అడుగున వెలిసిపోయిన కాఫీరంగు చీర, మామిడిపిందెల అంచు. ఆ అంచు నాకు తెలుసు. నా చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ అంచే నోట్లో పెట్టుకుని నమిలేదాన్ని.

ట్రంకుపెట్టెలోంచి ఆనాటి నోటుపుస్తకం తీశాను. నా దస్తూరీయే. "మూడో పొర: అమ్మ కాఫీరంగు చీర. రెండుసార్లు ఉతికాను. దేనికి వాడిందో అడగాలి." మిగతా అన్ని చీరల పక్కనా టిక్కు ఉంది. దీని పక్కన లేదు. పిన్నిగారి చీర రెండో పొర. తెల్లది. నీలం చుక్కలది.

అమ్మకు ఫోన్ చేశాను. "కాఫీరంగుదా? కాయలు ఆరబోయడానికి కల్లంలో పరిచేదాన్ని గదే! అది నీకెందుకిచ్చానూ? మూట కట్టేప్పుడు చూసుకోలేదేమో. ఇప్పుడెందుకడుగుతున్నావు?" ఏం లేదన్నాను.

ఇక్కడే నాకు అర్థం కాకుండా పోతోంది. వాసన చూడగానే తనది కాదని ఆవిడకి తెలిసింది. కట్టుకున్న చీరకూ, కల్లంలో పరిచిన చీరకూ తేడా ఆవిడకి తెలియకుండా ఉంటుందా? నావైపు చూసిన చూపు అదే. పుట్టింటి మూటలోంచి మిరపఘాటు వచ్చిందని తెలిస్తే మా అత్తగారి నోట నేనూ మా అమ్మా జన్మంతా నానేవాళ్ళం. అందుకేనా? అందుకే అయితే తర్వాతైనా గోడ దగ్గర నాకొక్కదానికి ఎందుకు చెప్పలేదు? నేనే ఏదో ఒక రోజు అడుగుతానని చూశారా? చీరను పారేయకుండా ఎందుకు దాచారు? దాచినదాన్ని సొంత మనవరాలి బొంతకు పొరగా ఎందుకు తీసిపెట్టారు? నాకు తిరిగి ఇద్దామని మూటలో ఉంచారా, నిజంగానే పరుద్దామనుకున్నారా? నాలుగు రోజులు ఇదే ఆలోచన. ఒక జవాబు సరిపోయిందనుకుంటే ఇంకోవైపు పొర బయటికొస్తోంది.

తేలనిది ఎలాగూ తేలదు. తేలినదొకటి ఉంది, దాన్ని దాచుకోవడం నావల్ల కాలేదు. మా అత్తగారు వాకిట్లో కూర్చుని తల దువ్వుకుంటుంటే చీర తీసుకెళ్ళి ముందు పెట్టి చెప్పాను. ఆవిడ అంచు వేళ్ళతో తడిమి చూశారు.

"మీ అమ్మదా?"

"అవునత్తయ్యా."

"నీకెప్పుడు తెలిసిందే?"

"మొన్న."

"ఆవిడకో?"

"ఆ రోజే."

మా అత్తగారు చీరను ఒళ్ళోకి లాక్కున్నారు. ఉన్నట్టుండి గోడవైపు తిరిగి, వినేవాళ్ళు ఉన్నట్టే అరిచారు. "చెప్పి చావొచ్చుగా! పదేళ్ళు నాచేత పాపం చేయించిందే మహాతల్లి!" దువ్వెన విసిరేశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేచారు. "నా చెప్పులు ఇటియ్యి."

పదేళ్ళలో మొదటిసారి మా అత్తగారు ఆ ఇంటి గుమ్మం ఎక్కారు. పిన్నిగారు చాప పరుచుకునే చోటే వసారాలో కూర్చున్నాం. ఆ చీరను పిన్నిగారు ఎన్నిసార్లు ఉడకబెట్టారో ఏమో, కాఫీరంగు పోయి పల్చటి టీరంగు అయింది. దాన్ని తడిపి, పిండి, ఆవిడ నేర్పినట్టే మెడకు చుట్టుకున్నాను. కాసేపటికి ఏదో చురుక్కుమన్నట్టు అనిపించింది. నిజమో, నా భ్రమో తెలియలేదు.

మా అత్తగారు రెండో కొస అందుకుని తన మెడ మీద వేసుకున్నారు. "నీ ఒళ్ళు మందం. నాకైతే తెలుస్తుంది. ఉండు."

ఒకే చీరకు చెరో కొసన, ఎదురుగా చంటిది నిద్రపోతుంటే, గుడ్డ మా మెడల మీదే ఆరేదాకా ఇద్దరం కదలకుండా కూర్చున్నాం.

ఆరాక "మంట లేదు, పరిచెయ్" అన్నారు మా అత్తగారు. పొరలు పరిచి ఇంటికొచ్చి పాత పుస్తకం తీసి ఆ వరుస పక్కన రాశాను: అడిగాను. అమ్మదే. మంట లేదు. మనవరాలి బొంతలో మూడో పొరగా వేశాను. టిక్కు. బాకీ చెల్లు.