దారి చెప్పిన మనిషి

మా నాన్న సాలూరులో ప్లీడరు. కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆయన నమ్మకం. ఇంట్లో పెళ్ళయినా తద్దినమైనా ముందు తెల్లకాగితం తీసి, మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడంపక్క పని, కుడిపక్క చేసే మనిషి రాసుకునేవాడు. ఆ వేసవి ప్రయాణానికీ అలాగే రాశాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. మన్యంలో పితూరీ చల్లారి రెండేళ్ళయింది. ఎండలకి దొరలు కొండెక్కుతారు, మనకేం తక్కువ అని ఆయనకి పట్టుకుంది.

ఎక్కడికి వెళ్ళాలన్న దాని మీద వారం రోజులు మా ఇల్లు చేపల బజారయింది. మా నాయనమ్మ సింహాచలం అంది. చందనోత్సవం చూసి చచ్చిపోతానంది. ఆ మాట ఆవిడ ఆరేళ్ళుగా ప్రతి వేసవిలోనూ అంటూనే ఉంది. మా అమ్మ భీమునిపట్నం అంది. అక్కడ ఆవిడ పిన్ని ఉంది, దిగడానికి ఇల్లుంది. నాన్న మాత్రం అరకు అన్నాడు. "చుట్టాలింటికి పోవడం ప్రయాణమెలా అవుతుందే?" అని అమ్మ నోరు మూయించాడు. అరకులో ముసాఫరు బంగళాలో దిగడానికి అనుమతి చీటీ కూడా ఎవరి చేతో తెప్పించుకున్నాడు. ఇంక దారి ఒక్కటే తెలియాలి.

ఆ దారి తెలిసింది మా ఇంట్లో ఒక్క మనిషికే. మా అంట్లు తోమే మనిషి. ఆవిడది కొండమీది ఊరు. మొగుడు చలిజ్వరంలో పోతే, నాలుగేళ్ళ ఆడపిల్లని తల్లి దగ్గర వదిలి కిందికి దిగింది. రెండేళ్ళుగా మా పెరటి వసారాలో ఉండేది. ఆవిడకో పేరుండేది. ఆ పేరుతో మేమెవ్వరం పిలిచిన పాపాన పోలేదు. అందరూ "కొండదీ" అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. తలుచుకుంటే నా నోరు పడిపోను అనిపిస్తుంది ఇప్పుడు.

నాన్న అరుగు మీద కుర్చీలో, ఆవిడ మెట్టు కింద నేల మీద. దారి చెప్పమన్న మొదటి రోజే అడిగింది.

"నన్ను తీసికెల్తారా బాబూ? మీ దారిలోనే మా ఊరు. నా గుంటని సూసి రెండేళ్ళయినాది." గుంటంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల.

"నువ్వు లేకుండా ఎలా వెళ్తామే? దారి నీకే కదా తెలుసు" అన్నాడు నాన్న.

అంతే, ఆవిడ ఇంకేమీ దాచుకోలేదు. ఎక్కడ బండి ఆపాలో, ఎక్కడ ఏ గెడ్డలో ఎండల్లో కూడా నీళ్ళుంటాయో అంతా చెప్పింది. "కొండ మొదలు దాకా బండెల్తాది బాబూ. ఆ పైన డోలీయే. ఒక్కో ఊరోళ్ళు ఆల పొలిమేర దాకా మోసి దింపేస్తారు. అవతలూరోళ్ళొచ్చి ఎత్తుకోవాల. ఇప్పపువ్వు రాలే కాలం కదా, తెల్లారగట్ట ఎలుగులు తిరుగుతాయి. ఎండెక్కినాక కదలండి." మొదటి మజిలీ కొండ మొదట్లో సత్రం, రెండోది వాళ్ళమ్మ ఇల్లు. మూడో రోజుకి అరకు. నాన్న రాసుకుంటూ పోయాడు.

"ఇటుకల పండగ ఒకటుంది బాబూ. మగోళ్ళందరూ అడివికి ఏటకెల్లిపోతారు. అన్నాళ్ళూ డోలీకి మనిసి దొరకడు."

"ఎప్పటితో అయిపోతుంది?"

"ఏట పడితే అయిపోతాది."

"తిథి చెప్పవే."

"తిథేటి బాబూ, ఏట పడాల గదా" అంది. నాన్న నవ్వి, పంచాంగం తిరగేసి, ఆ పండగకి తనే ఒక ఆఖరి తేదీ పెట్టి, దాని మర్నాటికి మా ప్రయాణం రాసుకున్నాడు.

నాలుగు కాగితాలు నిండాయి. ఆవిడ మధ్యాహ్నాలు పెరట్లో కూచుని, నేను చింపి పారేసిన ఆకుపచ్చ పరికిణీని చిన్నది చేసి కుట్టడం మొదలుపెట్టింది. నన్ను నిలబెట్టి కొలత చూసుకునేది. "ఈపాటికి నా గుంట నీ బుజంకాడికొస్తాది పాపమ్మా" అనేది. రోజూ నాకు జడ వేసేది ఆవిడే. ఆ వేస్తున్నంత సేపూ ఇదే గోల. నా గుంట జుట్టు ఇంత ఒత్తు, నా గుంట ఇలాగ నవ్వుతాది. నాకు ఒళ్ళు మండిపోయేది. జుట్టు నాది, చేతులు నా జుట్టులో ఉన్నాయి, ధ్యాస మాత్రం ఇంకెవత్తి మీదో.

వెళ్ళి అమ్మతో చెప్పాను. "కొండది బట్టలు మూట కట్టుకుంటోందమ్మా. ఇంక తిరిగి రాదట."

తిరిగి రాదట అన్నది నా సొంతం. ఆవిడ ఎప్పుడూ అనలేదు.

అమ్మ నాన్న మీద పడింది. "అది కొండెక్కితే మళ్ళీ దిగుతుందా? అంట్లు మీరు తోముతారా?" నాన్న ఆ నాలుగు కాగితాలూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "దారంతా ఇందులో ఉందిగా. ఇంక దాంతో పనేముంది?" అన్నాడు. ఆవిడ నమ్మి చెప్పిన ప్రతి మాటా ఆవిడ కాళ్ళ కిందికే నీళ్ళయి వచ్చింది. ఇది కోపంతో చెయ్యలేదు నాన్న. కూరలో కరివేపాకు తీసి పారేసినట్టు చేశాడు.

మర్నాడు పొద్దున్న, నాయనమ్మకీ గేదెకీ తోడుగా ఉండమని ఆవిడకి చెప్పారు.

"నానేటి తప్పు సేసినాను బాబూ?"

"తప్పేమిటే, ఇల్లు చూసుకునే మనిషి ఉండొద్దూ?"

మేం బయల్దేరిన రోజు బండి దగ్గరికొచ్చి పరికిణీ నా ఒళ్ళో పెట్టింది. "నా గుంటకియ్యి పాపమ్మా. మీయమ్మ పంపినాదని సెప్పు. వానలకి ముందే వొచ్చేస్తానన్నాదని సెప్పు." సరే అన్నాను.

కాగితం ఎక్కడా తప్పలేదు. ఆవిడ ఉన్నాయన్న చోట నీళ్ళున్నాయి, ఆవిడ చెప్పిన వేళకి కదిలితే ఎలుగు కంటపడలేదు. రెండోరోజు మధ్యాహ్నం ఒక పొలిమేర రాయి దగ్గర బోయీలు మా డోలీలు దింపి, తమ హద్దు ఇంతవరకేనని వెనక్కి తిరిగిపోయారు. అవతలి ఊరివాళ్ళు రాలేదు. నాన్న కాగితం తీసి, ఈపాటికి పండగ అయిపోవాలే అని ఆ రాయికి వాదన వినిపించాడు. పండగ అవలేదు. ఆ ఏడు వేట పడలేదు, మగవాళ్ళు ఇంకా అడవిలోనే ఉన్నారు. మూటలు మేమే మోసుకుని ఊళ్ళోకి నడిచాం.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు కాపు కాసి ఉన్నారు. వేట లేకుండా వచ్చిన మగవాణ్ణి చూసి ఒకర్నొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. ఒక ముసలామె కుండెడు పేడనీళ్ళు నాన్న కోటు మీద కుమ్మరించింది. "ఏట తేకుండా ఊళ్ళోకొచ్చే మగోడికి ఇదే మరియాద బాబూ" అంది. ఆ ప్రయాణంలో మాకు జరిగిన న్యాయం అదొక్కటే.

మేం సాలూరు నుంచి వచ్చామని తెలిశాక ముసలామె నవ్వు ఆగిపోయింది. "ప్లీడరుగోరా? మా గుంటేది?" అని మా వెనక దారి వైపు చూసింది. ఆమె చీర పట్టుకుని ఆరేళ్ళ పిల్ల నిలబడింది. అదీ దారి వైపే చూస్తోంది.

పొద్దు వాలుతోంది. నాన్న కోటు నుంచి పేడనీళ్ళు ఓడుతున్నాయి. తల దాచుకోడానికి మాకు ఆ ముసలామె ఇల్లు తప్ప లేదు. వాళ్ళ పిల్లని మేమే ఆపేశామంటే గుమ్మం ఎక్కనిస్తుందా? అమ్మ రెప్ప వెయ్యకుండా అంది, "ఎన్నిసార్లు పిలిచామో. రానంది. కింద అలవాటు పడిపోయింది."

ముసలామె నమ్మలేదు. నా ముందు చతికిలబడి నా మొహంలోకి చూసింది. "పెద్దోళ్ళు ఏటైనా సెప్తారు. నువ్వు సెప్పు గుంటా. రానన్నాదా?"

అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. గిచ్చలేదు, నొక్కలేదు. గిచ్చి ఉంటే బాగుండేది, ఇన్నాళ్ళూ దాని మీదికి తోసేసి బతికేదాన్ని.

"రానంది" అన్నాను.

పిల్ల ఇంకొక్కసారి దారి వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ముసలామె తలుపు తీసి చాప పరిచింది. చోడి అంబలి పోసింది. ఊళ్ళో గడప గడపకీ మడి పాటించే మా అమ్మ ఆ అంబలి రెండుసార్లు పోయించుకుంది. తెల్లారాక నేను మూట విప్పి పరికిణీ బయటికి తీశాను. అమ్మ చటుక్కున లాక్కుంది. తల్లి పంపిందంటే రానన్న మాట నిలవదు కదా. పిల్లని పిలిచి, "ఇదిగోనే, నీకోసం మేం తెచ్చాం" అని ఇచ్చింది. అది తొడుక్కుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

మూడోనాడు మగవాళ్ళు వేటలో పడిన కణుజుని మోసుకొచ్చారు, డప్పులు మోగాయి. ఆ మర్నాడు మమ్మల్ని ఎత్తుకెళ్ళి అరకులో దింపారు. అరకు బాగుంది, చల్లగా ఉంది. బంగళా వరండాలో కూచుని నాన్న ఊళ్ళో అందరికీ ఉత్తరాలు రాశాడు. తిరుగు దారి శృంగవరపుకోట మీదుగా మార్చేశాడు.

ఇంటికి రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నా గుంటని సూసినావా? పరికిణీ ఇచ్చినావా?"

"సరిపోయింది."

"వొస్తానని సెప్పినావా?"

"చెప్పాను."

ఏడ్చింది, నవ్వింది, నా బుగ్గలు పుణికింది. జ్యేష్ఠంలో మబ్బులు పట్టే వేళకి, ఒకరోజు పొద్దున్న వసారా ఖాళీగా ఉంది. "నే చెప్పలేదూ, కొండెక్కింది, ఇంక దిగదు" అంది అమ్మ.

ఐదోరోజుకి దిగింది. తిన్నగా పెరట్లోకి వెళ్ళి అంట్ల ముందు కూచుంది. సాయంత్రం దువ్వెన పట్టుకుని నన్ను పిలిచింది.

"పరికిణీ బాగున్నాది నా గుంటకి. ఎవులిచ్చినారే అనడిగినాను. సాలూరు అమ్మగోరిచ్చినారన్నాది." చిక్కు తీస్తూ మాట్లాడింది. "నా కాడికి రాలేదు. నువ్వు రానన్నావంట గదా అన్నాది. ఎవులు సెప్పినారే అంటే, సాలూరు గుంట సెప్పినాదన్నాది."

జుట్టు పట్టుకుని ఈడుస్తుందని మెడ బిగబట్టుకు కూచున్నాను. ఈడవలేదు. రోజూలాగే మూడు పాయలు తీసి, జడ అల్లి, చివర కుచ్చులు కట్టింది. "లే పాపమ్మా, అయిపోనాది" అంది.

ఆవిడ మళ్ళీ కొండ పేరెత్తలేదు, నా గుంట అన్న మాట మళ్ళీ ఆ నోట రాలేదు. ఆ చేతులు నాకొక్కదానికే కావాలనుకున్నాను. నేను కాపరానికి వెళ్ళేదాకా, ఐదేళ్ళు, నాకొక్కదానికే ఉన్నాయి.