దగ్గు లేని స్నానం

రాయదుర్గంలో మెట్రో దిగి, అద్దాల టవర్లకు వీపు చూపించి పది నిమిషాలు నడిస్తే యాదమ్మ ఉండే ఇల్లు వస్తుంది. ఇల్లంటే ఆరు పోర్షన్ల వరుస. పోర్షనంటే ఒక గది, అందులోనే ఓ మూల పొయ్యి. ఆరింటికీ కలిపి చివర్న ఒకే ఒక్క బాత్‌రూం. దాని తలుపుకి లోపలి గడియ లేదు, ఎప్పుడో ఊడిపోయింది. "వచ్చే ఆదివారం పెట్టిస్త" అని ఓనరు శివశంకర్ మాటిచ్చి పదకొండేళ్లయింది. ఆయన క్యాలెండర్లో ఆ ఆదివారం ఇంకా రాలేదు.

గడియ లేనప్పుడు మనుషులు ఏదో ఒక ఉపాయం చూసుకోవాలి కదా. ఆ ఇంటివాళ్లు దగ్గు కనిపెట్టారు. లోపలున్నవాళ్లు ఒళ్లు రుద్దుకుంటూ మధ్యమధ్యలో దగ్గుతూ ఉండాలి. దగ్గు వినపడిందంటే లోపల మనిషున్నట్టు, వినపడలేదంటే ఖాళీ. బకెట్టు పట్టుకుని తలుపు తోసుకుని పోవచ్చు. రెండో పోర్షను కళ్యాణి మొహమాటంగా, సన్నగా దగ్గుతుంది. ఐదో పోర్షను లింగయ్య దగ్గితే వీధి చివర కుక్కలు లేచి నిలబడతాయి. దగ్గడం మర్చిపోయినవాళ్లకి ఏమయిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పరువుగల మనుషులు కాబట్టి ఎవరూ ఆ మాట ఎత్తరు.

అలాగని దగ్గితే సుఖం ఉందా అంటే అదీ లేదు. దగ్గు వినగానే బయట వరసలో నిలబడ్డవాళ్లు తలుపు మీద దబదబా బాదుతారు. "యాదక్కా, ఇంకెంతసేపు? డ్యూటీ టైమైతుంది!" పదకొండేళ్లలో తలుపు చప్పుడు వినకుండా యాదమ్మ ఒక్క స్నానం కూడా పూర్తి చేయలేదు. నెత్తి మీద సబ్బు నురగ పూర్తిగా పోయిందో లేదో రోడ్డెక్కాక కొప్పు తడిమి చూసుకుంటుంది.

ఇంత ఇబ్బంది పడి స్నానం చేసి ఆమె వెళ్లేది ఎక్కడికయ్యా అంటే, బాత్‌రూములు కడగడానికి. ఆ అద్దాల టవర్లలో ఒకదాంట్లో తొమ్మిదో అంతస్తు నుంచి పన్నెండో అంతస్తు దాకా ఆడవాళ్ల బాత్‌రూములన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఒక్కోటి ఆమె పోర్షనుకు రెండింతలుంటుంది. చెయ్యి చాపితే నీళ్లొస్తాయి, తీస్తే ఆగిపోతాయి. గోడకున్న డబ్బా ఎవరూ అడగకపోయినా మల్లెపూల వాసన కొడుతుంటుంది. తలుపు వెనక కాగితం ఒకటి వేలాడుతుంటుంది. గంటకోసారి కడిగి, టైం రాసి, సంతకం పెట్టాలి. అక్కడి కంపెనీల్లో పెద్ద మేనేజర్లు కూడా రోజుకి అన్ని సంతకాలు పెట్టరు.

లోపలికి వెళ్లేముందు తలుపు కొట్టి "హౌస్‌కీపింగ్" అనాలని రూలు. కాబట్టి పొద్దున యాదమ్మ తలుపు ఊరంతా కొడితే, పగలంతా ఊరందరి తలుపులు యాదమ్మ కొడుతుంది. పదో అంతస్తులో హరిత అని కడప వైపు అమ్మాయి ఒకతె ఉంది. మీటింగుల్లో ఎవరో ఏదో అన్నప్పుడల్లా వచ్చి, లోపల గడియ పెట్టుకుని, పది నిమిషాలు ఏడ్చి, మొహం కడుక్కుని, ఏం జరగనట్టు బయటికి వస్తుంది. ఆ పది నిమిషాలూ యాదమ్మ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ కాపలా ఉంటుంది, తలుపు మాత్రం కొట్టదు. ఆ పిల్ల జీతం మీద యాదమ్మకి ఎప్పుడూ ఈర్ష్య కలగలేదు. కారు మీదా కలగలేదు. ఆ గడియ మీద మాత్రం నిజంగానే కడుపు మండేది.

ఇలా ఉండగా కూతురు జ్యోతికి ఉద్యోగం వచ్చింది. రాగానే, "అమ్మా, మూడు రోజులు భీమిలి పోదాం. సముద్రం సూద్దాం" అంది. యాదమ్మ భర్త మల్లయ్య కోకాపేటలో నలభై అంతస్తుల అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. పైఅంతస్తు నుంచి గండిపేట చెరువు చూసి, సముద్రం కూడా ఇంచుమించు ఇంతే ఉంటుందని చాలాకాలంగా వాదిస్తున్నాడు. ఇప్పుడు తేల్చుకునే అవకాశం దొరికిందని సంబరపడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ జ్యోతి ఫోను చుట్టూ కూర్చున్నారు. భీమిలిలో ఒకే చోట రెండు గదులు దొరికాయి. ఒకటి సముద్రానికి ఎదురుగా ఉన్న పెంకుటింటి గది. ముందు వరండా, వరండాలో ఊయల, మంచం మీంచి చూస్తే అలలు. బాత్‌రూం మాత్రం వాకిలి అవతల ఉంది, మూడు గదులవాళ్లూ వాడుకోవాలి. రెండోది వెనకవైపు గది. కిటికీ తెరిస్తే కనిపించేది పక్కింటి గోడ. బాత్‌రూం మాత్రం గదిలోనే ఉంది.

"ఇందుల అడిగేదేముంది, ముందరిదే పట్టు బిడ్డా" అన్నాడు మల్లయ్య.

"వెనకది" అంది యాదమ్మ.

"ఏందే, గోడ సూడనీకి గంత దూరం పోవాల్నా? మనం పోయేది సముద్రం సూడనీకా, బాత్‌రూం సూడనీకా?"

"నువ్వు సముద్రం సూడు. నేను బాత్‌రూం సూస్త."

"నీ పనే బాత్‌రూములు సూసుడు గదనే! రోజూ సూసేదే మళ్ల పండగ లెక్క సూస్తవా?"

"రోజూ సూసేటివి నాయి గావు" అంది యాదమ్మ. "జ్యోతీ, ఆ ఫొటో జర పెద్దగ చెయ్యి."

జ్యోతి పెద్దది చేసింది. ఇక యాదమ్మ పరీక్ష మొదలైంది. "గచ్చు మీద నీళ్లెందుకు జల్లిండ్రో తెలుసా? మరకలు కనపడొద్దని. కమోడ్ మూత మూసి తీసిండ్రు, అంటే లోపల గార ఉన్నది. అద్దంల సూడు, ఫొటో తీసినోడు చెప్పుల్తోనే లోపలికొచ్చిండు." మల్లయ్య జుట్టు పీక్కున్నాడు. "ఇన్ని తప్పులుంటే మరెందుకే అది?"

యాదమ్మ ఫొటోలో తలుపు మీద వేలు పెట్టింది. తలుపుకి లోపల నిగనిగలాడే కొత్త గడియ ఉంది.

"గిందుకు" అంది.

జ్యోతి ఆ గడియకేసి, అమ్మకేసి చూసింది. వెంటనే వెనక గది బుక్ చేసేసింది. కోకాపేట ఫ్లాట్లలో ఇంటికి ముగ్గురు మనుషులు, ఐదు బాత్‌రూములు ఉంటాయని, ఒక్కరు కూడా వాటి కోసం ఊర్లు తిరగరని మల్లయ్య సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నాడు.

భీమిలిలో దిగిన పొద్దున ఇంటావిడ పద్మావతి గారు తాళంచెవి ఇచ్చి, "కాసేపు నడుం వాల్చండి, టిఫిను పంపిస్తాను" అన్నారు. నడుం వాల్చడానికి యాదమ్మ రాలేదు. బాత్‌రూం తలుపు తీసి, ఒకసారి వంగి, ఒకసారి పీల్చి, నేరుగా ఇంటావిడ దగ్గరికి వెళ్లి బ్రష్షూ యాసిడూ ఇమ్మంది.

"అయ్యో, మీరెందుకండీ? మా పనమ్మాయి వచ్చి చేస్తుంది."

"మీ పిల్ల మంచిగనే చేస్తదమ్మా. మూలలకి చెయ్యి పోతలేదంతే."

గంటసేపు కడిగింది. కడగడం అయ్యాక, పాడు అలవాటు, సంతకం పెడదామని తలుపు వెనక కాగితం వెతికింది. కాగితం లేదు. అక్కడ గడియ ఉంది. పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. "టక్" మని పడిన ఆ చప్పుడుకే ఆమెకి సగం స్నానం అయినంత హాయి అనిపించింది.

అరగంట తర్వాత, తల తుడుచుకుంటూ దొరసానిలా బయటికి వచ్చేసరికి, ఎదురుగా పద్మావతి గారు గ్లాసుతో నిలబడి ఉన్నారు. "మిరియాల కషాయం అండి. వేడిగా తాగేయండి. ప్రయాణంలో జలుబు చేసినట్టుంది. వంటింట్లోకి వినపడుతోంది మీ దగ్గు!"

యాదమ్మకి అర్థం కాలేదు. "నేనెప్పుడు దగ్గిన?"

జ్యోతి నవ్వు ఆపుకోలేకపోయింది. "దగ్గుతనే ఉన్నవమ్మా, మొదటినుంచి. గొళ్లెం పెట్టుకోని మరీ దగ్గినవు."

యాదమ్మకి తల కొట్టేసినట్టయింది. కషాయం ఇచ్చిన చేతిని కాదనలేక గడగడా తాగేసింది. మధ్యాహ్నం సముద్రం దగ్గర మల్లయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "గండిపేట దీని ముంగట గుంత" అని ఎవరూ అడగకుండానే ఓటమి ఒప్పుకున్నాడు. యాదమ్మ అలలకేసి చూస్తూనే ఉంది గానీ చూపు అక్కడ లేదు. గడియ కోసం ఇంత దూరం వచ్చి, ఆ దిక్కుమాలిన దగ్గుని కూడా మూట కట్టుకుని వచ్చానే అని ఆమెకి ఏడుపొచ్చింది. ఇంటి మీద, శివశంకర్ మీద, తన గొంతు మీద అన్నిటి మీదా కోపం వచ్చింది.

రెండో రోజు పట్టుదలగా పెదవులు బిగించి వెళ్లింది. బాగానే సాగింది. కానీ మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే గొంతు తనంతట తానే రెండుసార్లు దగ్గింది. బయట మల్లయ్య నిశ్చింతగా గడ్డం గీసుకుంటున్నాడు. పద్మావతి గారు మళ్లీ కషాయం పంపారు.

మూడో రోజు పొద్దున్నే చివరి స్నానం. మధ్యాహ్నం రైలు. రేపటినుంచి మళ్లీ ఆ వరసే, ఆ తలుపే. యాదమ్మ గడియ పెట్టి, చేత్తో లాగి చూసి, నల్లా విప్పింది. ముందు ఒక్కో చెంబుకీ గొంతులో ఏదో గరగర పైకి వచ్చింది. మింగేసింది. తలకి రుద్దుకుంది. కళ్లు మూసుకుంది. గొంతు ఊరుకుంది. నురగ పూర్తిగా పోయేదాకా, పోయాక కూడా, నెత్తిన నీళ్లు పోసుకుంటూ ఊరికే నిలబడింది. ఎవరికీ తను ఉన్నట్టు చెప్పాల్సిన పని లేదు. ఒంటి మీద నీళ్లు జారుతుంటే, నలభై ఆరేళ్ల ఒళ్లు ఇంకా తనదేనని ఆమెకి తెలిసొచ్చింది. ఎందుకో హరిత గుర్తొచ్చింది. పది నిమిషాలు గడియ వెనక ఆ పిల్లకి ఏం దొరికేదో ఇప్పుడు తెలిసింది. యాదమ్మ కూడా కాసేపు ఏడ్చింది, హాయిగా, చప్పుడు లేకుండా.

అప్పుడు తలుపు దబదబా మోగింది.

"యాదమ్మా! ఓ యాదమ్మా!" మల్లయ్య గొంతు వణుకుతోంది. "ఏమైందే? కిందగిట్ల పడ్డవా? దగ్గుతలేవు!"

పదకొండేళ్లుగా ఆ దగ్గు వింటూ గడ్డం గీసుకున్న మనిషి, ఇవాళ అది వినపడక సగం గడ్డం నురగతో పరుగెత్తుకొచ్చాడు. యాదమ్మకి ముందు ఒళ్లు మండింది. ఇక్కడికి కూడా వచ్చిందా ఈ చప్పుడు అనుకుంది. తర్వాత ఆ వణుకు విని నవ్వొచ్చింది.

"ఏం గాలె. మంచిగున్న. నువ్వు పోయి సముద్రం సూస్కో."

"నిజంగనేనా? జర ఒక్కసారి దగ్గవే, పోత."

యాదమ్మ గడియకేసి చూసింది. అది ఉన్నచోటే గట్టిగా ఉంది.

"నేను దగ్గ, పో" అని, చెంబు నిండా నీళ్లు ముంచి మళ్లీ నెత్తిన పోసుకుంది.