అడెలీనో పిలిస్తే వచ్చిన ఆవులు

పోర్చుగల్ ఉత్తరపు కొండల్లో అడెలీనో పుట్టిన ఊరికి సరైన బండిబాట కూడా ఉండేది కాదు. అక్కడ రాతి ఇళ్లలో కింద ఆవులు, పైన మనుషులు. చలికాలంలో పశువుల ఊపిరే ఇంటికి వెచ్చదనం. ఊరంతటికీ ఒకటే ఆబోతు. దాన్ని వంతులవారీగా మేపేవారు. ఆవు మీద కర్ర ఎత్తినవాడికి ఎవరూ పిల్లనిచ్చేవారు కాదు.

కాలిఫోర్నియాలో మెండొన్సా డెయిరీలో చేరి తొమ్మిదేళ్లయినా అడెలీనో తీరు మారలేదు. రెండు వందల ఆవుల్నీ పేరుపెట్టి పిలిచేవాడు.

1986లో అమెరికాలో పాలు ఎక్కువైపోయాయని, మందను మొత్తంగా వదులుకునే రైతులకు ప్రభుత్వం డబ్బిస్తానంది. డెయిరీ యజమాని మెండొన్సా సరేనన్నాడు. కబేళాకు పంపేముందు, మళ్లీ ఎవరూ పాడికి కొనకుండా, ప్రతి ఆవు దవడ మీదా ఎర్రగా కాలిన ఇనుముతో ఇంటూ గుర్తు వేయాలి.

"నువ్వే వెయ్యి అడెలీనో. నీ దగ్గరైతే కదలకుండా నిలబడతాయి."

"నా చేత్తో వద్దు దొరా. ఇంకెవరికైనా చెప్పండి."

"నువ్వుండే ఇల్లు నాది. పెళ్లాం పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావో చూసుకో మరి."

అడెలీనో "రోజిన్యా" అని పిలిచాడు. ముసలి ఆవు నడిచొచ్చి అతని భుజానికి మొహం ఆనించింది. ఇనుము తగలగానే దాని అరుపుకి కొట్టం దద్దరిల్లింది. చర్మం కాలిన వాసనకి అతను వాంతి చేసుకున్నాడు. నోరు తుడుచుకుని రెండోదాన్ని పిలిచాడు. అదీ వచ్చింది. అలా రెండు రోజులు పట్టింది.

లారీలు వెళ్లిపోయాక, రేపటి పనేమిటని అడిగాడు.

"ఆవులే లేవు, నీకింకేం పని?" అన్నాడు మెండొన్సా. "ఆదివారంకల్లా ఇల్లు ఖాళీ చెయ్యి."